ఖర్గే మాట, థరూర్ మాట: పార్టీ లోపటి ఓటు ఎవల చేతిల ఉన్నది?

ఎన్నికలంటే మనకు కొత్త కాదు. సర్పంచి నుంచి ఎంపీ దాక అన్నీ చూసినం. మైకులు, డీజేలు, కండువాలు, ఆఖరి రాత్రి పైసలు, అన్నీ ఎరుకే. కని పార్టీ లోపట ఎన్నిక జరిగితే ఎట్లుంటది? అధ్యక్షుడు కావాలని ఇద్దరు నిలవడి, రాష్ట్రాలు తిరిగి, "నాకే ఎందుకు ఓటెయ్యాలె" అని సొంత పార్టీ మనుషులకే చెప్పుకునుడు మన దేశంల శానా తక్వ. అమెరికల గది మామూలు ముచ్చట. ఆడ దేశాధ్యక్షుని పోటీకి పార్టీ తరఫున ఎవలు నిలవడాల్నో మామూలు ఓటర్లే తేల్చుతరు. దాన్నే ప్రైమరీ అంటరు. మన దగ్గర దానికి కొంచెం దగ్గరికొచ్చింది 2022 అక్టోబర్ల జరిగిన కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నిక. ఒకదిక్కు మల్లికార్జున ఖర్గే, ఇంకోదిక్కు శశి థరూర్.

అయిపోయిన ఎన్నిక ముచ్చట ఇప్పుడెందుకంటరా? గా ఇద్దరి మాటలు పక్కపక్కన వెట్టి చూస్తే, జెండా మోసే పోరగానికి పార్టీల ఉన్న విలువెంతో తేటతెల్లమైతది. అందుకే.

ఎట్ల మొదలైంది

2019ల ఓడినంక రాహుల్ గాంధీ అధ్యక్ష పదవి ఇడిసిపెట్టిండు. తర్వాత సోనియా గాంధీ తాత్కాలికంగ చూసుకున్నరు. 2022 సెప్టెంబర్ 22న నోటిఫికేషన్ ఇచ్చిండ్రు. గాంధీ ఇంటోళ్లు నిలవడమన్నరు. మొదలు రాజస్థాన్ ముఖ్యమంత్రి అశోక్ గెహ్లాట్ పేరు నడిచింది. ఆడ ఎమ్మెల్యేల లొల్లితోని ఆ పేరు పక్కకు పోయింది. దిగ్విజయ్ సింగ్ నిలవడ్తనన్నడు, ఖర్గే వస్తున్నడని తెల్వంగనే తప్పుకున్నడు. జార్ఖండ్ నుంచి త్రిపాఠి అనే నాయకుడు నామినేషన్ ఏస్తే సంతకాలు కలుస్తలేవని కొట్టేసిండ్రు. ఆఖర్కు మిగిలింది ఇద్దరు.

సెప్టెంబర్ 30న ఖర్గే 14 సెట్ల నామినేషన్ ఏసిండు. ఆయన ఎనకాల పార్టీల పేరున్న నాయకులంత లైను కట్టిండ్రు. థరూర్ ఏసింది 5 సెట్లు. ఇద్దరు మైకు పట్టకముందే గాలి ఎటు ఉన్నదో గీ లెక్కనే చెప్పింది.

థరూర్ ప్రచారం మన ఆదిలాబాద్ దాపుకే మొదలైంది. అక్టోబర్ 1న నాగ్‌పూర్ దీక్షాభూమికి పోయిండు. ఆదిలాబాద్ నుంచి 44 నంబరు హైవే మీద సుమారు 200 కిలోమీటర్లు. తెల్లారి గాంధీ జయంతి నాడు వార్ధా సేవాగ్రామ్‌కు పోయిండు. అక్టోబర్ 3న హైదరాబాద్ వచ్చిండు. ఖర్గే అక్టోబర్ 8న హైదరాబాద్ వచ్చిండు.

ఎవలు ఏమని చెప్పుకున్నరు

ఖర్గే చెప్పుకున్నది తన బతుకు. బీదర్ జిల్ల వరవట్టిల పుట్టిండు. అంటే మన లెక్కనే పాత నిజాం రాజ్యం మనిషి. రజాకార్ల కాలంల చిన్నప్పుడే తల్లిని పోగొట్టుకున్నడు. మిల్లు కార్మికుని కొడుకు. కార్మికుల కేసులు వాదించిన వకీలు. 1969ల గుల్బర్గ పట్టణ కాంగ్రెస్ అధ్యక్షుడు, 1972ల మొదటిసారి ఎమ్మెల్యే. "కింది నుంచి వచ్చిన, యాభై ఏండ్ల సంది గీ పార్టీలనే ఉన్న" అన్నది ఆయన మాటల అసలు దూలం. ఇంకో మాట గూడ అన్నడు: నన్ను దళిత నాయకుడని మాత్రమే చూడకుండ్రి, కాంగ్రెస్ నాయకుడిగ నిలవడ్డ అని. దామోదరం సంజీవయ్య, జగ్జీవన్ రామ్ కూసున్న కుర్చీ అది. వాళ్ల తర్వాత యాభై ఏండ్లకు ఒక దళితుడు ఆడికి పోవుడు చిన్న ముచ్చట కాదు. గది ఆయన గట్టిగ చెప్పకున్నా వినేటోళ్లకు అర్థమైంది.

థరూర్ చెప్పుకున్నది తన బతుకు కన్నా తన ప్లాను. ఐక్యరాజ్యసమితిల 29 ఏండ్లు పనిచేసిండు, 2009ల పార్టీలకొచ్చిండు, తిరువనంతపురం నుంచి అప్పటికి మూడుసార్లు ఎంపీ. పది అంశాలతోని ఒక మ్యానిఫెస్టో అచ్చేసిండు. అండ్ల భారతదేశం పటం తప్పు వడితే తిట్లు గూడ తిన్నడు, క్షమాపణ చెప్పి సరి చేసిండు. ఆయన నాగ్‌పూర్‌ల అన్న మాటల సారం ఒక్కటే: పార్టీ ఇప్పుడున్నట్టే నడవాల్నంటే ఖర్గే గారికి ఎయ్యుండ్రి, మార్పు కావాల్నంటే నాకు ఎయ్యుండ్రి.

ఒకలి మీద ఒకలు మాట్లాడిన తీరు గూడ చూడాలె. థరూర్ ఖర్గేను పార్టీకి భీష్మ పితామహుడన్నడు. ఖర్గే థరూర్‌ను తమ్ముని అసుంటోడన్నడు. చూస్తే మంచి మర్యాదనే. కని భీష్ముడంటే పెద్దమనిషి, కుర్చీ మీద కూసునేటోడు కాదు అనే అర్థం అండ్ల దాగున్నది. తమ్ముడంటే ఇంకా నేర్చుకోవాల్సినోడు అనే అర్థం ఇండ్ల దాగున్నది. మన ఊర్ల పంచాయితీల పెద్దమనుషులు మాట్లాడేది ఇట్లనే గదా.

అసలు తేడా ఏడున్నది

బీజేపీ, మోదీ మీద ఇద్దరు ఒక్క తీరుగనే మాట్లాడిండ్రు. ఓటు దొంగిలేటంత తేడా అండ్ల లేదు. తేడా వచ్చింది పార్టీని ఎట్ల నడపాలె అన్న కాడ.

థరూర్ అన్నది: ఢిల్లీల ఉన్న అధికారం రాష్ట్రాలకు, జిల్లాలకు పంచాలె. వర్కింగ్ కమిటీకి ఎన్నికలు వెట్టాలె. పార్లమెంటరీ బోర్డు మళ్ల తేవాలె. అన్నిటి కన్నా పెద్దది: ఏకవాక్య తీర్మానాలు బందు చెయ్యాలె.

ఏకవాక్య తీర్మానం అంటే ఏందో మన తెలంగాణోళ్లకు విడమరిచి చెప్పాల్సిన పని లేదు. అందరు ఒక కాడ కూసుంటరు. ఎవలు కావాల్నో చేతులెత్తి చెప్పరు. "నిర్ణయం హైకమాండుకే ఇడిసిపెడ్తున్నం" అని ఒక్క లైను రాసి సంతకం పెడ్తరు. అంతే.

ఖర్గే అన్నది: "నేను" అనేది ఉండదు, "మనం" అనేదే ఉంటది, అందరితోని కూసొని మాట్లాడి చేస్త. 2022 మేల ఉదయ్‌పూర్‌ల చేసిన డిక్లరేషన్ అమలు చేస్త. పార్టీ పదవులల్ల సగం 50 ఏండ్ల లోపటోళ్లకు ఇస్త. గాంధీ కుటుంబం సలహా తీసుకుంటే తప్పేంది, వాళ్లు దేశానికి చేసినోళ్లు, సలహా అడుగుడుకు నాకు సిగ్గు లేదు. గిది ఆయన దాచకుండ చెప్పిండు. ఆ నిజాయితిని ఒప్పుకోవాలె.

కని చూడుండ్రి. ఏకవాక్య తీర్మానాలు బందు చేస్తనని ఖర్గే అన్లేదు. ప్రత్యర్థి మ్యానిఫెస్టోల అచ్చేసి అడుగుతుంటే గూడ దాని మీదికి పోలేదు. ఉపన్యాసం వినేటప్పుడు మనం చెప్పింది ఒక్కటే లెక్కవెడ్తం. ఏది చెప్పలేదో గది గూడ లెక్కవెట్టాలె. ఓటేసే ప్రతినిధులకు గా చెప్పని ముచ్చటనే మంచిగ అర్థమైంది: ఉన్న కుర్చీలు ఉన్నట్టే ఉంటయి.

వినేటోడెవలు

గిక్కడనే అసలు కిటుకు ఉన్నది. ఈ ఎన్నికల ఓటున్నది పార్టీ సభ్యులకు కాదు. పీసీసీ ప్రతినిధులకు. దేశం మొత్తంల దగ్గర దగ్గర 9,900 మంది. లెక్కకు బ్లాకుకొక్కలు. మన రాష్ట్రపోళ్లు అక్టోబర్ 17న హైదరాబాద్ గాంధీభవన్‌ల ఓటేసిండ్రు. మీ బ్లాకు నుంచి ఓటేసిన మనిషి ఎవలో మీకు తెల్సా? ఆయనను ఎవలు ఎన్నుకున్నరో తెల్సా? పెద్దపల్లిల అడుగుండ్రి, నిర్మల్ల అడుగుండ్రి, ఉట్నూర్ల అడుగుండ్రి. పదేండ్ల సంది జెండా మోసినోడు గూడ తల గోక్కుంటడు.

థరూర్‌కే గీ తిప్పలు తప్పలేదు. ఓటర్ల పట్టికల పేర్లున్నయి గని, శానా మంది ఫోన్ నంబర్లు సక్కగ లేవన్నడు. శానా రాష్ట్రాలల్ల పీసీసీ పెద్దలు ఖర్గే వస్తే ఎదురొస్తున్నరు, నేను పోతే దొరుకుతలేరన్నడు. బ్యాలెట్ మీద మొదలు "1" అంకె రాయమన్నరు, ఆయన అడిగినంక టిక్కు గుర్తుకు మార్చిండ్రు. పార్టీల పదవిల ఉన్నోళ్లు ఎవలి తరఫున ప్రచారం చెయ్యాల్నన్నా ముందు రాజీనామా చెయ్యాలె అని రూల్ ఉండె. కని రూల్ కాగితం మీద ఉంటది, పూలదండ చేతిల ఉంటది.

అక్టోబర్ 19న లెక్కవెట్టిండ్రు. ఖర్గేకు 7,897. థరూర్‌కు 1,072. చెల్లనియి 416. లెక్క ఇంకా నడుస్తుండంగనే కర్నూలు జిల్ల ఆదోనిల పాదయాత్రల ఉన్న రాహుల్ గాంధీ, "పార్టీల నా పనేందో ఖర్గే గారే తేలుస్తరు" అన్న మాట అనేసిండు. అంత ముందే ఎరుకైన ఫలితం అది.

అయినా 1,072ను తక్వ చెయ్యొద్దు. 1997ల గిదే పదవికి నిలవడ్డ శరద్ పవార్‌కు వచ్చినయి 882. సీతారాం కేసరికి 6,224. మహారాష్ట్రనంత చేతిల వెట్టుకున్న మనిషికి రానన్ని ఓట్లు, పార్టీలకొచ్చి 13 ఏండ్లే అయిన మనిషికి వచ్చినయి. నూటికి దగ్గర దగ్గర పన్నెండు మంది, పెద్దలు ఎటున్నరో తెల్సి గూడ, డబ్బాల ఓటు వేరే ఏసిండ్రు. రహస్య ఓటు ఉంటే భయం కొంచెం తగ్గుతది అనేదానికి గిదొక సాక్ష్యం.

ఎనకటి ముచ్చట ఒకటి

గీ లొల్లి కొత్తది కాదు. 1939 జనవరిల గిట్లనే అయింది. ఒకదిక్కు సుభాష్ చంద్రబోస్, ఇంకోదిక్కు మన తెలుగు మనిషి పట్టాభి సీతారామయ్య. వాళ్లు ఊరూరు తిరిగి ఉపన్యాసాలు ఇయ్యలేదు, పేపర్లల్ల ప్రకటనలు ఇచ్చిండ్రు. బోస్ వాదన: అధ్యక్షుడంటే ఒక కార్యక్రమం ముందట వెట్టి గెలిచి, దాన్ని అమలు చేసేటోడు. పటేల్ దిక్కు ఉన్నోళ్ల వాదన: అధ్యక్షుడంటే సభ నడిపేటోడే, విధానం తేల్చేది కమిటీ. థరూర్ "మార్పు", ఖర్గే "మనం" మాటలు వింటే గా 1939 ముచ్చటనే యాదికొస్తది.

అప్పుడు బోస్ గెలిచిండు. 1,580 ఓట్లు. పట్టాభికి 1,377. పట్టాభి ఓటమి నా ఓటమే అన్నడు గాంధీ. మార్చిల త్రిపురి మహాసభల, గాంధీ ఇష్టం ప్రకారమే వర్కింగ్ కమిటీని వెయ్యాలె అని తీర్మానం చేసిండ్రు. ఏప్రిల్ ఆఖర్కు బోస్ రాజీనామా చేసిండు. అంటే ఓట్లు గెలిచినా పట్టు లేకపోతే కుర్చీ నిలవడదు. 2022ల థరూర్ గెలిచినా ఏమయ్యేదో గీ ముచ్చట కొంత చెప్తది. మంచి ప్లాను ఉంటే సాలదు, దాన్ని మోసే మనుషులు కింది దాక ఉండాలె. థరూర్‌కు గది లేకుండె. గది ఆయన లోటు గూడ.

అందరికి ఓటిస్తే అన్నీ మంచిగైతయా?

కావు. గదే 2022ల ఇంగ్లాండ్ల చూసినం. కన్జర్వేటివ్ పార్టీ నాయకుని కోసం రిషి సునాక్, లిజ్ ట్రస్ పోటీ వడ్డరు. ఆడ పార్టీ సభ్యులందరికి ఓటున్నది. ఇద్దరు దేశం తిరిగి సభ్యుల ముందట నిలవడి ప్రశ్నలకు జవాబులు చెప్పిండ్రు. ట్రస్ పన్నులు వెంటనే తగ్గిస్తనన్నది. ధరలు మండుతుంటే అప్పు తెచ్చి పన్నులు తగ్గిచ్చుడు కుదరదు, అవి ఉత్త కథలన్నడు సునాక్. సభ్యులకు తియ్యటి మాటనే నచ్చింది. ట్రస్‌కు 81,326, సునాక్‌కు 60,399. సెప్టెంబర్ 23న పన్నుల తగ్గింపు ప్రకటిస్తే పౌండు పడిపోయింది, మార్కెట్ ఆగమైంది. అక్టోబర్ 20న ఆమె రాజీనామా ప్రకటించింది. ఖర్గే గెలిచిన తెల్లారే.

గంటే ఓటున్నా సోయి ఉండాలె. కని ఒక్కటి యాది పెట్టుకోండ్రి. ఆడ సభ్యులు తప్పు చేసిండ్రు, ఆ తప్పు అందరికి కండ్లవడ్డది, దిద్దుకున్నరు. ఓటే లేనికాడ తప్పు ఎవలిదో గూడ తెల్వది.

ఇంగ్లాండ్ దాక ఎందుకు, మన సింగరేణి చూడుండ్రి. గోదావరిఖని, మందమర్రి, శ్రీరాంపూర్, బెల్లంపల్లి. ఆడ గుర్తింపు సంఘం ఎన్నికల ప్రతి కార్మికునికి రహస్య ఓటున్నది. అందుకే నాయకుడు గనుల కాడికి రావాలె, గేట్ మీటింగ్ పెట్టాలె. సొంతిల్లు ముచ్చటేంది, మారుపేర్ల సమస్యేంది, ఇన్‌కమ్ ట్యాక్స్ ఏంది అని కార్మికుడు ముఖం మీద అడుగుతడు. 2023 డిసెంబర్ 7న కాంగ్రెస్ సర్కార్ వచ్చింది. ఇరవై రోజులకు, డిసెంబర్ 27న సింగరేణిల ఓట్లు వడ్డయి. సర్కార్ దిక్కున్న ఐఎన్‌టీయూసీ గుర్తింపు గెలవలేదు, ఏఐటీయూసీ గెలిచింది. కార్మికులు కొత్త సర్కార్‌ను చూసి కాదు, తమ లెక్క తాము చూసుకొని ఏసిండ్రు. ఓటు చేతిల ఉన్నోని ముందట ఉపన్యాసం వేరే తీరుగుంటది.

తర్వాత ఏమైంది

ఖర్గే మాటలు రెండు చూద్దాం.

ఐక్యత అన్నడు. గది చాన మట్టుకు చేసి చూపిచ్చిండు. పోటీ వడ్డ థరూర్‌ను పక్కకు వెట్టలేదు, 2023 ఆగస్టుల వర్కింగ్ కమిటీలకు తీసుకున్నడు. 2023ల కర్ణాటక, తెలంగాణ రెండు గెలిచిండ్రు. గది ఒక్కని గొప్ప కాదు గని, ఆయన హయాంలనే అయింది.

సగం పదవులు 50 లోపటోళ్లకు అన్నడు. 2023 ఫిబ్రవరిల రాయ్‌పూర్ ప్లీనరీల పార్టీ రాజ్యాంగంల గది రాసిండ్రు గూడ. కని అదే రాయ్‌పూర్ల, వర్కింగ్ కమిటీకి ఎన్నికలు వద్దు, అధ్యక్షుడే నియమిస్తడు అని తీర్మానం చేసిండ్రు. ఆగస్టుల జాబితా వచ్చినప్పుడు చూస్తే, 39 మంది సభ్యులల్ల 50 లోపటోళ్లు చేతివేళ్ల మీద లెక్కవెట్టేటంత మందే. ఎన్నిక ఉంటే ఆ పోరగాళ్లు నిలవడి అడిగేటోళ్లు. నియామకం కాబట్టి అడిగే జాగ లేదు.

ఇగ ఏకవాక్య తీర్మానం. 2023 డిసెంబర్ 4న హైదరాబాద్‌ల గెలిచిన ఎమ్మెల్యేలంత కూసున్నరు. ముఖ్యమంత్రిని తేల్చే అధికారం ఏఐసీసీ అధ్యక్షుడు ఖర్గేకు అప్పజెప్తున్నం అని ఒక్క లైను తీర్మానం చేసిండ్రు. తెల్లారి ఢిల్లీల రేవంత్ రెడ్డి పేరు చెప్పిండ్రు. పేరు మంచిదా చెడ్డదా అన్న ముచ్చట వేరే. మనం ఓట్లేసి గెలిపిచ్చిన ఎమ్మెల్యే గూడ ఆ రోజు ఎవలు కావాల్నని బయటికి చెప్పలేదు. థరూర్ బందు చెయ్యాల్నన్నది గీ రివాజునే.

మిగిలిన పార్టీలు తక్వ తిన్నయా?

ఒక్క కాంగ్రెస్‌నే అంటే అన్యాయం అయితది. కనీసం వాళ్లు ఓటు వెట్టిండ్రు, లెక్క చెప్పిండ్రు. అదే 2022 అక్టోబర్ 5న, దసరా నాడు, తెలంగాణ భవన్‌ల టీఆర్ఎస్ పేరు బీఆర్ఎస్ అయింది. పేరుల "తెలంగాణ" తీసేసే అంత పెద్ద ముచ్చటకు అందరు ఒక్క గొంతుతోని సరే అన్నరు. 2001 మే 17న కరీంనగర్ సింహగర్జనకు ఊర్ల నుంచి బండ్లు కట్టుకొని పోయినోళ్లను ఎవలన్నా అడిగిండ్రా? 2021 అక్టోబర్ల కేసీఆర్ గారు మళ్ల అధ్యక్షుడైనప్పుడు గూడ పోటీ లేదు.

బీజేపీల మన కరీంనగర్ ఎంపీ బండి సంజయ్‌ను 2020 మార్చిల రాష్ట్ర అధ్యక్షుడిని చేసిండ్రు. మన దిక్కు పోరగాళ్లు సంబురం చేసుకున్నరు. 2023 జులైల, ఎన్నికలు ముందట వెట్టుకొని, మార్చిండ్రు. అదే పోరగాళ్లు బాధవడ్డరు. ఎక్కిచ్చినప్పుడు ఓటు లేదు, దించినప్పుడు ఓటు లేదు. 2025 జులైల కొత్త అధ్యక్షుడు గూడ పోటీ లేకుండనే వచ్చిండు. నామినేషన్ ఏద్దామని చూసిన ఎమ్మెల్యే రాజాసింగ్ పార్టీకే రాజీనామా చేసిండు.

మనం అడగాల్సినయి

రేపు మన జిల్లాలల్ల ఏ పార్టీల ఏ పదవికి ఎవలు మాట్లాడినా, వాట్సాప్‌ల వీడియో పంపే ముందు నాలుగు ముచ్చట్లు చూడుండ్రి.

ఒకటి, ఈ మాట ఎవలికి చెప్తున్నడు? ఓటున్నోనికా, చప్పట్లు కొట్టేటోనికా?

రెండు, ఈయన చెప్పింది జరిగితే ఎవలి అధికారం తగ్గుతది? ఎవలిదీ తగ్గకపోతే అది ఉత్త మాట.

మూడు, ఎదుటోడు గట్టిగ అడిగిన ఏ ప్రశ్నకు జవాబు చెప్పకుండ దాటేసిండు?

నాలుగు, గెలిచినంక గీ మాటను ఎవలు, ఏడ, ఏ మీటింగుల యాది చేస్తరు?

ఖర్గే, థరూర్ ఇద్దరి మాటలు గీ నాలుగు మీద పెట్టి చూస్తే, ఖర్గే మాట్లాడింది ఓటున్నోనితోని, థరూర్ మాట్లాడింది ఓటు లేనోనితోని. ఓటున్నోడు తన కుర్చీ కాపాడుకున్నడు. ఓటు లేనోడు యూట్యూబ్‌ల లైకు కొట్టిండు. లెక్క గంతే.

మన ఊర్లల్ల పోరగాళ్లు ఏ పార్టీల ఉన్నా పని ఒక్కటే చేస్తున్నరు. పోస్టర్ అంటిస్తరు, బండి ర్యాలీల తిరుగుతరు, కేసులు మీదేసుకుంటరు, సొంత పెట్రోలు కాలుస్తరు. దానికి బదులుగ కండువ, ఒక ఫొటో. పదవి అడుగుమంటలేను. పదవి అందరికి రాదు. ఓటు అందరికి రావచ్చు. సభ్యత్వం పుస్తకం పట్టుకొని నాయకుడు మీ గల్లీకి వచ్చిన రోజు, పైసలు ఇచ్చే ముందు ఒక్కటి అడుగుండ్రి: "అన్నా, గీ రసీదుతోని మండల అధ్యక్షుని ఎన్నికల నాకు ఓటున్నదా?" ఉన్నదంటే ఎప్పుడో తారీకు అడుగుండ్రి. లేదంటే, ఆ రసీదు దేనికో అడుగుండ్రి.